కత్తికి బీమా... మాత్రకేదీ ధీమా?

గర్భాశయాలను అనవసరంగా తొలగించే శస్త్రచికిత్సలను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలోగా అమలులోకి తేవాలని సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను ఆదేశించింది. డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం అలా పదేళ్ళకు ఒక కొలిక్కి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాలలో పేద స్త్రీలకు, అందునా షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులకు చెందినవారికి, అవసరం లేకున్నా గర్భసంచి తీసివేసి కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ బీమా సొమ్ము రాబట్టుకున్నాయన్నది ఆ వ్యాజ్యంలోని ప్రధానమైన ఆరోపణ.

మార్గదర్శకాల ప్రకారం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయులలో పర్యవేక్షక సంఘాలు ఏర్పడాలి. 40 ఏళ్ళలోపు స్త్రీకి గర్భసంచి తీసివేస్తే అందుకు కారణమేమిటో నమోదు కావాలి. అన్నీ వివరించిన తరువాతనే రోగి సమ్మతి తీసుకోవాలి. ఇదంతా కత్తిని అదుపు చేసే ఏర్పాటు. దాని అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కాని నెలకు పది పన్నెండు రోజులు రక్తం పోతూ, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ ఆసుపత్రి గడప తొక్కిన స్త్రీని ఆపరేషన్ వద్దని చెప్పి పంపివేస్తే చికిత్స జరిగినట్లు కాదు. ఆమె బాధ నిజమైనది. ఆ బాధకు అత్యంత సాధారణమైన కారణాలలో ఒకటి గర్భాశయంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలు. వాటికి నోటితో మింగే హార్మోను మాత్రలు ఇప్పుడు ఉన్నాయి. అవి ఎంతవరకు పనిచేస్తాయి, ఎవరికి పనికివస్తాయి, మన స్త్రీలకు సక్రమంగా ఎందుకు అందడం లేదు అన్న ప్రశ్నలు మాత్రం కోర్టు తీర్పుతో తేలేవి కావు.

తెలుగునాట ఎక్కువ

గర్భాశయ తొలగింపు వివరాలను జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారిగా 2015-16లో సేకరించింది. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయస్సుగల స్త్రీలలో 3.2 శాతం మందికి అప్పటికే గర్భసంచి తీసివేసినట్లు తేలింది. 2019-21 నాటి సర్వేలో అది 3.3 శాతం. దేశం మొత్తానికి చూస్తే ఇది పెద్ద సంఖ్యగా కనిపించకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అంకెలు చూస్తే మాత్రం ఉలిక్కిపడక తప్పదు. రెండు రాష్ట్రాలలోనూ అది ఎనిమిది శాతానికి పైమాటే. అంటే జాతీయ సగటుకు రెండు రెట్లు దాటింది. మొదటి సర్వేలోని వివరాల ప్రకారం ఆపరేషన్ చేయించుకునే నాటికి ఆ స్త్రీల వయస్సు సుమారు 34 ఏళ్ళు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు జరిగినది ప్రైవేటు ఆసుపత్రులలో. కారణం అడిగితే సగం మందికి పైగా చెప్పినది అధిక రుతుస్రావం, నొప్పి. ఆ తరువాతి స్థానం గడ్డలది, నీటి బుడగలది.

ముప్పయి నాలుగేళ్ళకే ఇంత పెద్ద నిర్ణయం ఎలా జరుగుతున్నదో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. చిన్న వయస్సులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెనుకనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఇక ఆ సంచితో పనేముంది, ఉంచుకుంటే కేన్సర్ వస్తుందేమో అన్న మాట ఇంట్లోనూ వినిపిస్తుంది, ఆసుపత్రిలోనూ వినిపిస్తుంది. కూలి పని మరొక ఒత్తిడి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చెరకు కోత కూలీల ఉదంతం 2019లో బయటపడినప్పుడు ప్రభుత్వం నియమించిన సంఘం 82,309 మంది కూలి స్త్రీలను విచారించగా 13,861 మందికి గర్భసంచి లేదని తేలింది. కోతల కాలంలో ఒక్క రోజు పని మానినా కంట్రాక్టరుకు జుర్మానా కట్టవలసిన స్త్రీకి నెలసరి అంటే కూలి నష్టం. ఆ నష్టాన్ని శాశ్వతంగా వదిలించుకోవడానికే ఆపరేషన్‌కు సిద్ధపడ్డామని చెప్పిన వారున్నారు.

గర్భసంచి పోతే పోయినది నెలసరి ఒక్కటే కాదు. దానితోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు వంటివి ముందుగానే మీదపడతాయి. అండాశయాలను అలాగే ఉంచినా ముప్పు పూర్తిగా తప్పదు. అటువంటి స్త్రీలలో అండాశయాలు ముందుగా ఉడిగిపోయే అవకాశం దాదాపు రెట్టింపు ఉన్నట్లు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వెల్లడించారు.

గడ్డకు మేత హార్మోన్లే

ఫైబ్రాయిడ్ అన్నది గర్భాశయపు కండరంలోనే పుట్టే గడ్డ. కేన్సర్ కాదు. ఆవగింజంత ఉండవచ్చు, ఉసిరికాయంత ఉండవచ్చు, కొబ్బరికాయంత పెరిగి పొట్ట ఎత్తుగా కనిపించవచ్చు. ఒకటి ఉండవచ్చు, పదీ ఉండవచ్చు. 50 ఏళ్ళు వచ్చేసరికి స్త్రీలలో అత్యధికులకు ఏదో ఒక పరిమాణంలో ఇవి ఉంటాయని అమెరికాలో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఏ బాధా పెట్టని గడ్డకు మాత్రా అక్కరలేదు, కత్తీ అక్కరలేదు. మరేదో కారణానికి స్కానింగ్ తీయించుకుంటే నివేదికలో ఒక సెంటీమీటరు గడ్డ కనిపించిందని గర్భసంచి తీయించుకున్నవారు మన ఊళ్ళలో కొందరైనా తారసపడతారు.

గడ్డ ఎంత పెద్దది అన్నదానికన్నా ఎక్కడ ఉన్నది అన్నది ముఖ్యం. గర్భాశయం లోపలి పొరను ఒత్తుతూ లోనికి పెరిగితే చిన్న గడ్డ అయినా ధారగా రక్తం పోతుంది. బయటి వైపు పెరిగినది పెద్దదైనా నెలసరి మామూలుగానే ఉండవచ్చు. అది మూత్రాశయాన్ని నొక్కి మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం, మలబద్ధకం, నడుము నొప్పి వంటి బాధలు పెడుతుంది. మందుల ప్రయోజనం ముఖ్యంగా మొదటి రకం బాధకు, అంటే రక్తస్రావానికి.

ఈ గడ్డలు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే రెండు స్త్రీ హార్మోన్లను మేతగా చేసుకుని పెరుగుతాయి. అందువల్లనే బాల్యంలో ఇవి కనిపించవు. ముట్లుడిగిన తరువాత ఆ మేత అందక వాటంతట అవే కుంచించుకుపోతాయి. హార్మోను మాత్రల వెనుక ఉన్న సూత్రం ఇదే. ఆ రెండింటిలో ఒకదాని ఉత్పత్తినైనా తగ్గించాలి, లేదా అది గడ్డ మీద పనిచేయకుండా అడ్డుపడాలి. మాత్ర ఆపితే మేత మళ్ళీ దొరుకుతుంది, గడ్డ మళ్ళీ పెరగవచ్చు. గడ్డను పూర్తిగా కరిగించి మాయం చేసే మాత్ర ఇంతవరకు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఈ ఒక్క సంగతిని ముందే చెబితే తరువాతి నిరాశలు చాలావరకు తప్పుతాయి.

పూజకు వాయిదా మాత్ర

మన దేశంలో అందరికీ తెలిసిన హార్మోను మాత్ర నోరెథిస్టిరోన్. పేరు తెలియకపోయినా పని తెలుసు. వ్రతానికో, పెళ్ళికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి అడ్డు రాకుండా వాయిదా వేయడానికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్ర అదే. వైద్యుని చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందుల జాబితాలో ఉన్నా చీటీ అడిగే దుకాణదారు అరుదు. అధిక రక్తస్రావంతో వచ్చిన రోగికి సాధారణ వైద్యులు మొదట రాసేదీ ఇదే. రక్తం ఆగుతుంది. ఎక్కువమందికి ఆ పూటకు గండం గడుస్తుంది.

అయితే ఇది ప్రొజెస్టిరాన్ జాతికి చెందిన మందు. ఫైబ్రాయిడ్లు పెరగడంలో ప్రొజెస్టిరాన్‌కు పెద్ద పాత్ర ఉన్నదని గత మూడు నాలుగు దశాబ్దాల పరిశోధనలో స్పష్టమైంది. కాబట్టి నోరెథిస్టిరోన్ లోపలి పొరను పలుచబరచి రక్తస్రావాన్ని తగ్గించగలదే గాని గడ్డను తగ్గించదు. కారణం కనుక్కోకుండా నెలల తరబడి ఈ మాత్రలు మింగి, ఆపగానే మళ్ళీ రక్తం మొదలై, విసిగి వేసారి ఆపరేషన్ బల్ల ఎక్కిన స్త్రీలకు ‘మందులు వాడాను, పనిచేయలేదు’ అన్న అభిప్రాయం స్థిరపడిపోతుంది. నిజానికి వారు వాడినది వేరొక పనికి ఉద్దేశించిన మందు. నెలసరి రోజులలో మాత్రమే వాడే ట్రానెగ్జామిక్ ఆమ్లం మాత్రలు కూడా రక్తాన్ని తగ్గిస్తాయి. అవి హార్మోన్లు కావు, చవక కూడా. గడ్డ మీద వాటి ప్రభావమూ లేదు. సంతాన నిరోధక మాత్రల సంగతీ ఇంచుమించు అంతే.

లక్నోలో పుట్టిన మందు

ఈ వరుసలో మన దేశానికి సొంతమైన మందు ఒకటి ఉంది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో డాక్టర్ నిత్యానంద్, ఆయన సహచరులు రూపొందించిన సెంట్‌క్రోమన్ 1991లో ‘సహేలి’ పేరుతో గర్భనిరోధక మాత్రగా విపణిలోకి వచ్చింది. ప్రభుత్వ రంగంలోని హిందుస్తాన్ లేటెక్స్ సంస్థ దానిని తయారు చేసి అమ్మింది. రోజూ కాక వారానికి రెండుసార్లు, మూడు నెలల తరువాత వారానికి ఒక్కసారి మింగితే చాలన్నది దాని ప్రత్యేకత. 2016 నుంచి ‘ఛాయ’ పేరుతో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరి ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా అందుతున్నది. నిత్యానంద్ 2024 జనవరిలో 99వ ఏట కన్నుమూశారు.

సెంట్‌క్రోమన్‌కు మరొక పేరు ఆర్మెలాక్సిఫీన్. ఇది స్టెరాయిడ్ హార్మోను కాదు. హార్మోను తాళంచెవి వంటిదనుకుంటే శరీర కణాలలో దానికి తగిన తాళాలు ఉంటాయి. సెంట్‌క్రోమన్ ఈస్ట్రోజన్ తాళంలో దూరి కూర్చుంటుంది. గర్భాశయంలో ఈస్ట్రోజన్ పనిని అడ్డుకుంటుంది, ఎముకల దగ్గర మాత్రం అడ్డుకోదు. ఈ గుణం కారణంగా మన స్త్రీ వ్యాధి నిపుణులు దీనిని రెట్టింపు మోతాదులో అధిక రుతుస్రావానికి వాడడం మొదలుపెట్టారు. గర్భనిరోధకంగా 30 మిల్లీగ్రాములైతే రక్తస్రావానికి 60. చాలామందిలో స్రావం బాగా తగ్గుతుంది. కొందరిలో నెలసరి వెనుకబడుతుంది లేక రెండు మూడు నెలలు రానే రాదు. అండాశయంలో నీటి బుడగలు కనిపించే సందర్భాలూ ఉన్నాయి. ఫైబ్రాయిడ్లపై దీని ప్రభావాన్ని కొలిచిన అధ్యయనాలు చిన్నవి. విదేశీ కంపెనీల మందులపై వేలాది స్త్రీలతో పరీక్షలు జరిగిన కాలంలో, మనమే కనిపెట్టిన చవక మందును అంత పెద్ద ఎత్తున పరీక్షించాలన్న పట్టుదల మనకు లేకపోయింది. పేటెంటు లేని మందుపై డబ్బు పెట్టడానికి ఏ కంపెనీ ముందుకు రాదు. అటువంటి చోటనే ప్రభుత్వం పూనుకోవాలి.

తాళాన్ని మూసివేసే మరొక మందు మిఫెప్రిస్టోన్. ఫ్రాన్సులోని రౌసెల్ ఉక్లాఫ్ కంపెనీ 1980 ప్రాంతంలో కనిపెట్టిన ఈ మందు ప్రొజెస్టిరాన్ పనిని అడ్డుకుంటుంది. 200 మిల్లీగ్రాముల మోతాదులో గర్భస్రావానికి వాడే మాత్రగా మన దేశంలో 2002లో అనుమతి పొందింది. దానిలో పదో వంతో, ఎనిమిదో వంతో మోతాదులో రోజూ వాడితే ఫైబ్రాయిడ్ల రక్తస్రావం ఆగుతుందని అనేక దేశాలలో గమనించారు. ఢిల్లీ వైద్యులు 40 మంది స్త్రీలపై మూడు నెలలు పరీక్షించి 2009లో ప్రచురించిన ఫలితాలు ఆసక్తికరమైనవి. రోజుకు 10 మిల్లీగ్రాములు వాడినవారిలో అత్యధికులకు మూడో నెలకు నెలసరి పూర్తిగా ఆగింది. గడ్డల పరిమాణమూ కొంత తగ్గింది. అదే సమయంలో మందు వాడినవారిలో సగానికి పైగా స్త్రీల గర్భాశయపు లోపలి పొర మందమైనట్లు కూడా కనిపించింది. అది కేన్సర్ మార్పు కాదు, కాని కన్ను వేసి ఉంచవలసిన మార్పు. వివిధ దేశాల పరీక్షలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2012లో తేల్చినది కూడా ఇంచుమించు ఇదే. రక్తస్రావం తగ్గుతుంది, జీవితం మెరుగవుతుంది, గడ్డ తగ్గుతుందనడానికి మాత్రం తగిన ఆధారం లేదు.

తక్కువ మోతాదు మాత్ర విడిగా దొరుకుతుండగా గర్భస్రావపు మాత్రనే ముక్కలు చేసి మింగడం, ఎవరికో రాసిన చీటీతో కొని వాడడం ప్రమాదకరం. ఈ మందు మొదలుపెట్టే ముందు గర్భం లేదని నిర్ధారణ కావాలి. మూడు నుంచి ఆరు నెలలకు మించి స్కానింగ్ లేకుండా కొనసాగించరాదు.

ఐరోపా నేర్చుకున్న పాఠం

ఈ తరగతి మందులలో అన్నింటికన్నా ఆశలు రేపినది యులిప్రిస్టాల్. హంగరీకి చెందిన గెడియన్ రిక్టర్ కంపెనీ ‘ఎస్మియా’ పేరుతో తెచ్చిన ఈ 5 మిల్లీగ్రాముల మాత్రకు 2012 ఫిబ్రవరిలో ఐరోపా అనుమతి లభించింది. అదే నెలలో వైద్య పత్రికలో వెలువడిన పరీక్షా ఫలితాలు చూసి నిపుణులు ఆశ్చర్యపోయారు. పదమూడు వారాలు మాత్ర వాడినవారిలో 91 శాతం మందికి రక్తస్రావం అదుపులోకి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో అలా జరిగినది 19 శాతం మందికే. అప్పటిదాకా ఆపరేషన్‌కు ముందు నెలకొకసారి ఇచ్చే ల్యూప్రొలైడ్ సూదిమందుతో సమానంగా ఈ మాత్ర పనిచేసింది. సూదిమందు తెచ్చిపెట్టే ఒళ్ళు మంటలు దీనిలో తక్కువ. మొదట ఆపరేషన్‌కు ముందు వాడడానికే అనుమతించినా 2015లో విడతల వారీగా దీర్ఘకాలం వాడుకోవచ్చన్నారు. ఇక గర్భసంచి తీయవలసిన అవసరమే తగ్గిపోతుందని చాలామంది తలపోశారు.

2017 నాటికి కథ అడ్డం తిరిగింది. ఈ మాత్ర వాడిన కొందరి కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నట్లు సమాచారం వచ్చింది. ఐరోపా ఔషధ సంస్థ విచారణ ప్రారంభించి, 2018 ఫిబ్రవరిలో కొత్తవారికి ఇవ్వవద్దని ఆదేశించింది. ఆ ఏడాది నడిమికి నెలనెలా కాలేయ పరీక్ష చేయించాలన్న షరతుతో మళ్ళీ అనుమతించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో అనుమతి నిరాకరించింది. జాగ్రత్తలన్నీ తీసుకున్న తరువాత కూడా మరొక స్త్రీకి కాలేయం మార్చవలసి రావడంతో 2020 మార్చిలో ఐరోపా సంస్థ వాడకాన్ని నిలిపివేసింది. ఆ ఏడాది నవంబరులో మరొకసారి సమీక్షించి, శస్త్రచికిత్స తగనివారికి, లేక అది ఫలించనివారికి మాత్రమే, అదీ ముట్లుడగని స్త్రీలకు మాత్రమే ఇవ్వవచ్చని పరిమితం చేసింది.

లెక్క ప్రకారం చూస్తే ప్రమాదం అరుదైనది. 2018 నాటికే ఏడున్నర లక్షల మందికి పైగా స్త్రీలు ఈ మందు వాడారు. కాలేయం మార్చవలసి వచ్చినవారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. కాని ప్రాణాంతకం కాని జబ్బుకు ప్రాణాంతకం కాగల మందు ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న అరుదుతనంతో తీరిపోదు. ఇందులో మనం పట్టించుకోవలసినది మరొకటి ఉంది. ఆ కొద్ది సంఘటనలను పట్టుకోగలిగినది అక్కడి వైద్యులు ప్రతి అనుమానాన్నీ నివేదించే అలవాటు వల్ల. మన దేశంలోనూ ఘాజియాబాద్ కేంద్రంగా ఔషధ దుష్ఫలితాల నమోదు కార్యక్రమం 2010 నుంచి నడుస్తున్నది. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న మాత్ర వికటిస్తే ఆ సంగతి ఆ నమోదులోకి చేరడం అరుదు. కామెర్లు వచ్చిన మనిషి పసరు వైద్యానికి వెళుతుంది. మాత్రకూ కామెర్లకూ ఉన్న సంబంధం ఎవరికీ తోచదు.

కొత్త తరం మాత్రలు

యులిప్రిస్టాల్ వెనుకబడిన చోట మరొక తరగతి ముందుకు వచ్చింది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి అండాశయాలకు వెళ్ళే ఆజ్ఞనే ఇవి నిలిపివేస్తాయి. దానితో హార్మోన్ల ఉత్పత్తి పడిపోతుంది. పాత సూదిమందులు చేసేదీ ఇదే. కాని అవి మొదటి వారాలలో హార్మోన్లను ఒక్కసారిగా పెంచి, ఆ తరువాత తగ్గిస్తాయి. ఈ మాత్రలలో ఆ పొంగు లేదు. హార్మోన్లు పూర్తిగా పడిపోతే ఎముకలకు చేటు కనుక మాత్రలోనే కొద్దిగా ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ జాతి మందు కలిపారు. తీసివేసినదానిలో కొంత తిరిగి ఇవ్వడం అన్నమాట.

జపాన్‌లో 2019లో రెలుగోలిక్స్ ఒంటరిగా వచ్చింది. అమెరికాలో 2020 మేలో ఎలాగోలిక్స్ కలయిక మందుకు, 2021 మేలో రెలుగోలిక్స్ కలయిక మాత్రకు అనుమతి దొరికింది. రోజుకు ఒకటి చొప్పున 24 వారాలు వాడిన రెండు పరీక్షలలో 73 శాతం, 71 శాతం మందికి రక్తస్రావం సగానికి పైగా తగ్గి మామూలు స్థాయికి వచ్చింది. ఉత్తుత్తి మాత్రతో ఆ ఫలితం 19 శాతం, 15 శాతం. గడ్డల పరిమాణంలో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఈ మాత్రను ఇవ్వవచ్చని అక్కడి నిపుణుల సంస్థ 2022లో సిఫార్సు చేసింది. అమెరికాలో రెండేళ్ళకు మించి వాడవద్దన్నారు. కారణం ఎముకల సాంద్రత. నరాలలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, 35 దాటి పొగతాగేవారు దీనికి దూరంగా ఉండాలి.

గడువు తెచ్చిపెట్టే మందు

ఇన్ని మాత్రల చరిత్రలో తేలేది ఒక్కటే. ఇవి గడ్డను నిర్మూలించవు, స్త్రీకి గడువు తెచ్చిపెడతాయి. ఆ గడువు విలువ మనిషిని బట్టి మారుతుంది.

నలభై ఎనిమిదేళ్ళ స్త్రీకి ముట్లు ఉడగడానికి రెండు మూడేళ్ళే ఉంటే ఆ రెండు మూడేళ్ళు మందులతో గడిపితే గడ్డలు వాటంతట అవే ముడుచుకుంటాయి. ఆమెకు ఆపరేషన్ అక్కరే రాకపోవచ్చు. హిమోగ్లోబిన్ ఆరుకో ఏడుకో పడిపోయిన స్త్రీకి మూడు నెలలు రక్తం ఆపి ఇనుము మాత్రలో, సూదిమందో ఇస్తే పదికి చేరుతుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా రక్తం ఎక్కించవలసిన అవసరం తగ్గుతుంది. ఇది చిన్న విషయం కాదు. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 57 శాతం స్త్రీలు రక్తహీనులు. పిల్లలు కావలసిన ముప్పయి ఏళ్ళ స్త్రీకి గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్‌కు ముందు సిద్ధపడడానికి వ్యవధి దొరుకుతుంది. అయితే మందు వాడుతున్నంత కాలం గర్భం రాకూడదు.

పనికిరానివారూ ఉన్నారు. గడ్డ మూత్రనాళాన్ని నొక్కి మూత్రపిండం ఉబ్బుతున్నప్పుడు, గర్భసంచి ఆరు నెలల కడుపంత పెరిగినప్పుడు, వేగంగా పెరిగే గడ్డ కేన్సర్ జాతిదేమోనన్న అనుమానం ఉన్నప్పుడు మాత్రలతో కాలయాపన తగదు. అక్కడ కత్తి అవసరమే. కత్తి మీద వచ్చిన ఆరోపణల కారణంగా, అవసరమైన స్త్రీకి కూడా ఆపరేషన్ నిరాకరించే పరిస్థితి వస్తే అది మరొక అన్యాయం అవుతుంది.

బీమా లెక్క

ఇక డబ్బు సంగతి. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల దాకా చికిత్స ఉచితం. కాని ఆసుపత్రిలో చేరితేనే. చేరడానికి ముందు మూడు రోజుల పరీక్షలు, ఇంటికి వెళ్ళిన తరువాత పదిహేను రోజుల మందులు మాత్రమే ఆ లెక్కలోకి వస్తాయి. బయటి రోగిగా వచ్చి ఆరు నెలలు మాత్రలు వాడి, రెండుసార్లు స్కానింగ్, మూడుసార్లు రక్త పరీక్ష చేయించుకునే స్త్రీకి ఆ పథకంలో చోటు లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా పడక మీద జరిగే చికిత్సల కోసం రూపుదిద్దుకున్నదే. ఆ పథకంలో గర్భాశయ తొలగింపులు పెరిగిపోతున్నాయన్న విమర్శ వచ్చిన తరువాత వాటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. ఒక దారి మూశారు గాని రెండో దారి తెరవలేదు.

అందువల్ల పేద కుటుంబం ముందు నిలిచే లెక్క ఇలా ఉంటుంది. ఆపరేషన్ అయితే చేతినుంచి పైసా పెట్టనక్కరలేదు, ఒక్కసారితో తీరిపోతుంది. మాత్రలైతే నెలనెలా దుకాణం బిల్లు, పట్నానికి రాకపోకలు, పోయిన కూలి. వైద్యుడు నిజాయితీపరుడైనా, రోగి తెలివైనదైనా ఈ లెక్క కత్తి వైపే మొగ్గుతుంది. దీనిలో దుర్మార్గుడెవరూ లేకున్నా ఫలితం అదే. మాత్రలను, వాటితో ముడిపడిన పరీక్షలను ఒక చికిత్సా ప్యాకేజీగా బీమా జాబితాలో చేర్చితే ప్రభుత్వానికి అదనపు భారమవుతుందన్న వాదన వినిపించవచ్చు. 34 ఏళ్ళకు గర్భసంచి పోగొట్టుకున్న స్త్రీ ఎముకలకు, గుండెకు రాబోయే ముప్పయి ఏళ్ళలో అయ్యే ఖర్చు ఆ పద్దులో ఎక్కడా కనిపించదు కనుక ఆ వాదన నిలబడుతున్నది.

పర్యవేక్షక సంఘాలు సరిగా పనిచేసినా అవి చూసేది జరిగిపోయిన ఆపరేషన్లను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష ఉంది, ఇనుము మాత్ర ఉంది, ‘ఛాయ’ మాత్ర కూడా గర్భనిరోధకంగా ఉంది. స్కానింగ్, స్త్రీ వ్యాధి నిపుణురాలు సాధారణంగా ఏరియా ఆసుపత్రిలోనో, జిల్లా ఆసుపత్రిలోనో దొరుకుతారు. ఈ రెంటినీ కలిపి, ఫలానా బాధతో వచ్చిన స్త్రీకి ముందు ఏ పరీక్ష, ఏ మాత్ర, ఎన్నాళ్ళు, ఎప్పుడు పై ఆసుపత్రికి పంపాలి అన్న క్రమాన్ని అమలులో పెట్టడానికి కొత్త భవనాలు కట్టనక్కరలేదు.

ఈలోగా వైద్యుని దగ్గరకు వెళ్ళే స్త్రీ అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గడ్డ ఎక్కడ ఉంది, ఎంత ఉంది. రాసిన మాత్ర రక్తాన్ని ఆపడానికా, గడ్డను తగ్గించడానికా. ఎన్ని నెలలు వాడాలి, మళ్ళీ స్కానింగ్ ఎప్పుడు. కాలేయ పరీక్ష అవసరమా. మాత్ర వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ముట్లు ఉడిగి ఏడాది దాటిన తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం ఏ హార్మోను మాత్రతోనూ దానిని ఆపుకోరాదు. లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలి.